తాళంచెవి ఎవరి దగ్గర?

అద్దె ఇంట్లో ఉండే మనిషి ఊరినుంచి తిరిగొచ్చేసరికి గుమ్మానికి కొత్త తాళం వేలాడుతోందనుకోండి. బియ్యం డబ్బా లోపల, పిల్లల పుస్తకాలు లోపల, పెళ్ళి ఫోటోలు లోపల. మనిషి మాత్రం వీధరుగు మీద. ఏం చేస్తాడు? ఇంటివాడి దగ్గరికి వెళ్ళి నాలుగు కేకలు వేస్తాడు. ఇరుగుపొరుగు చేరతారు. సాయంత్రానికి ఏదో ఒకటి తేలుతుంది. అదే ఆ ఇంటివాడు సముద్రాల అవతల ఉండి, పేరూ ముఖమూ కూడా లేనివాడయితే? కంప్యూటరు ప్రోగ్రాములు రాసి బతికేవాళ్ళకి ఈ అవస్థ కొత్తది కాదు. దానికీ ఓ చిన్న చరిత్ర ఉంది.

ఈ రోజుల్లో ప్రోగ్రాములు రాసేవాడు తన రాతంతా ఇంట్లో ఉన్న కంప్యూటరులోనే దాచుకోడు. గిట్‌హబ్ లాంటి చోట ఖాతా తెరిచి అక్కడ పెడతాడు. 2008లో మొదలైన ఈ గిట్‌హబ్‌ని 2018లో మైక్రోసాఫ్ట్ కంపెనీ 750 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ ఖాతా వట్టి బీరువా కాదండోయ్. వాడి పనితనానికి సాక్ష్యం, పది దేశాలవాళ్ళతో కలిసి పనిచేసే చావడి, ఒక్కోసారి ఉద్యోగం ఇప్పించే సిఫారసు ఉత్తరం కూడా అదే.

2019 జులైలో ఇరాన్‌లో ఉన్న ప్రోగ్రామర్లు ఓ రోజు లేచి చూసుకునేసరికి ఆ ఖాతాల్లో సొంత గదులకి తాళాలు పడి ఉన్నాయి. ఊరందరికీ కనిపించేలా పెట్టిన రాతలు అలాగే ఉన్నాయిగాని, తమకోసం దాచుకున్నవి మాత్రం అందవు. సిరియావాళ్ళదీ, క్రిమియావాళ్ళదీ అదే పరిస్థితి. కారణం అమెరికా వ్యాపార ఆంక్షలు. గిట్‌హబ్ అమెరికా కంపెనీ గనక ఆ దేశపు చట్టానికి కట్టుబడాలి. పోనీ, ఓ రోజు ముందుగా చెబితే సామాను సర్దుకునేవాళ్ళం గదా అంటే, ముందుగా చెప్పడానికి కూడా చట్టం ఒప్పుకోదని మాకు అర్థమయింది అన్నారు కంపెనీవారు!

పొరపాటున తాళం పడ్డవాళ్ళకి ఓ దారి చూపించారు. ఫారం నింపి, నేను ఆ దేశంలో ఉండటం లేదు మొర్రో అని గుర్తింపు పత్రాలతో రుజువు చేసుకోవాలి. బాగానే ఉంది. కాని టెహరాన్‌లో పుట్టి టెహరాన్‌లోనే ఉన్న కుర్రాడు ఏమని రాస్తాడు? వాడి తప్పల్లా వాడి చిరునామా. ఇంకో పద్ధతిలో రాసుకోమంటే రాసుకుంటాడుగాని, పుట్టిన ఊరిని ఎలా మార్చుకుంటాడు, పాపం!

ఇలాంటి తాళమే అంతకుముందు సంవత్సరం డిసెంబరులో మరోచోట పడింది. స్లాక్ అనే కంపెనీ, ఇరాన్ వెళ్ళొచ్చారన్న ఆనవాలు పట్టుకుని చాలామంది ఖాతాలు మూసేసింది. వాళ్ళలో కెనడాలో చదువుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. చుట్టాన్ని చూడటానికి వెళ్ళొచ్చినా నేరమేనా అని గోల పుట్టింది. స్లాక్ తప్పయిందని ఒప్పుకుని ఖాతాలు తెరిచింది. ఆ కథ అలా కొద్దిలో తేలిపోయింది.

గిట్‌హబ్ కథ అంత తొందరగా తేలలేదు. తాళం పడ్డవాళ్ళు ఊరుకున్నారా? మమ్మల్ని వెలివేయకండి అంటూ ఓ విన్నపం రాసి, దాన్ని ఎక్కడ అంటించారనుకున్నారు? గిట్‌హబ్ గోడమీదే! అప్పుడు ఆ కంపెనీ పెద్ద నాట్ ఫ్రీడ్‌మన్. కంపెనీయే అమెరికా ఖజానా శాఖలో ఆంక్షలు చూసే కార్యాలయానికి అర్జీ పెట్టుకుంది. మీరు నిషేధించింది ఒక ప్రభుత్వాన్ని, ఈ ఖాతాలవల్ల దగ్గరయ్యేది మనుషులు అన్న ధోరణిలో వాదించుకొచ్చింది. అదంతా రెండేళ్ళ పని. చివరికి అనుమతి వచ్చింది. 2021 జనవరి 5న, ఇరాన్‌లో ఉన్నవాళ్ళందరికీ గదులు తెరుస్తున్నామని ఫ్రీడ్‌మన్ ప్రకటించాడు. తాళం వేసిన ఇంటివాడే తాళంచెవికోసం కచేరీల చుట్టూ తిరగడం నాకు మహా నచ్చింది. ఇలాంటివి మనం ఎన్ని విన్నాం గనక!

సరిగ్గా ఆ నెలలోనే ఇంకో గుమ్మానికి తాళం పడింది.

ఆండ్రూ స్పింక్స్ అనే అమెరికా ఆయన 2011లో టెరేరియా అనే ఆట తయారుచేశాడు. నేల తవ్వడం, ఇల్లు కట్టుకోవడం, రాత్రిపూట వచ్చే భూతాలతో పోరాడటం, ఇదీ ఆట. చూడటానికి బొమ్మల పుస్తకంలా ఉంటుందిగాని, అప్పటికే మూడు కోట్ల పైచిలుకు కాపీలు అమ్ముడయింది. ఆయన కంపెనీ యూట్యూబ్ ఖాతాకి నిబంధన మీరారంటూ ఓ ఈమెయిలు వచ్చింది. నెలల తరబడి అక్కడ కొత్తగా పెట్టిందేమీ లేదు. పైగా, దీనికి శిక్షేమీ ఉండదని ఆ ఈమెయిల్లోనే రాసి ఉంది. ఎవరో పొరబడి ఉంటార్లే అనుకున్నారు. మూడు రోజులు తిరక్కుండా మొత్తం గూగుల్ ఖాతాయే మూతపడింది. పదిహేనేళ్ళ ఉత్తరాలు, దాచుకున్న కాగితాలు, వేల డాలర్లు పెట్టి కొనుక్కున్నవి, అన్నీ లోపలే.

మూడు వారాలు తలుపు తట్టాడు. ఎందుకు మూశారో చెప్పే నాథుడు లేడు. ఫిబ్రవరి 8న ఆయనకి విసుగెత్తింది. గూగుల్‌వారి స్టేడియా అనే ఆటల అంగడికోసం అప్పుడు టెరేరియాని తయారుచేస్తున్నారు. దాన్ని రద్దు చేస్తున్నాననీ, ఇకమీద మీతో ఏ వ్యాపారమూ చేయననీ అందరూ చదివేలా ట్విట్టరులో రాసిపడేశాడు. పత్రికలు అందుకున్నాయి. స్టేడియాకోసం సొంతంగా ఆటలు తయారుచేసే విభాగాలను మూసేస్తున్నామని గూగుల్ ప్రకటించి అప్పటికి వారమే అయింది. అలాంటి సమయంలో ఇంత పేరున్న ఆట కూడా పోతే ఎలా? ఆ నెల తిరక్కుండానే గూగుల్ మనుషులు పలికారు. ఏం జరిగిందో చెప్పి ఖాతా తెరిచారు. స్పింక్స్ కూడా పంతం వదిలేశాడు.

మూడు కోట్ల కాపీలు కాక మూడొందలు అమ్ముకున్న కుర్రాడు ఇదే మాట రాస్తే ఎవరు పలికేవారో ఆలోచించండి. అలాంటి ఖాతాలు ఎన్ని మూతపడ్డాయో, వాటికి చరిత్ర రాసేవాళ్ళెవరు? రద్దు చేయడానికి వాడి దగ్గర ఏముంది గనక?

మార్చి 18న స్టేడియాలో టెరేరియా విడుదలయింది. ఇక ఆ స్టేడియా సంగతంటారా, ఆ తరవాత రెండేళ్ళయినా నిలవలేదు. 2023 జనవరి 18న గూగుల్ దానికి తనే తాళం వేసి, ఆటలు కొన్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చేసింది. మిగతా అంగళ్ళలో టెరేరియా బేరం మాత్రం సాగుతూనే ఉంది.