ఒక్కనాటి సెలవులో శ్రీపురము

రాయపూరున నుద్యోగించు మన తెలుగువారికి నాలుగు దినములు సెలవు దొరకినచో విశాఖపట్టణపు రైలెక్కుటయే పని. జనవరి 26 వంటి ఒంటి సెలవు దానికి చాలదు. కాని పతాకవందనమైన పిదప మిగులు పగలు ఒక ప్రాచీన రాజధానిని చూచి వచ్చుటకు చాలును. అది శ్రీపురము, నేటి వాడుకలో సిర్పూరు. (మన కాగజ్‌నగరు చేరువనున్న సిర్పూరు వేరు.) ఆరంగు మీదుగా పోయి మహానదిని దాటవలెను, దూరము సుమారు 80 కిలోమీటర్లు.

దక్షిణ కోసలమునేలిన పాండువంశీయులకు ఇది రాజధాని. వారిలో ప్రసిద్ధుడు మహాశివగుప్త బాలార్జునుడు. రాజమందిరములు మట్టిపాలైనవి, ఆయన తల్లి కట్టించిన ఇటుకల గుడి నిలిచినది. మగధకు చెందిన సూర్యవర్మ కుమార్తె వాసటాదేవి, భర్తయగు హర్షగుప్తుడు గతించిన పిమ్మట విష్ణువునకు దీనిని నిర్మింపజేసెను. జనులు లక్ష్మణాలయమందురు. ముందరి మండపము కూలినది. రాతి ద్వారముపై శేషశాయి, ప్రక్కల అవతారమూర్తులు కలవు. గర్భగృహముపై శిఖరమంతయు ఇటుకయే. అందు చెక్కిన గవాక్షముల సన్నని పనిని తీరికగా నిలిచి చూడవలెను.

ఆమె శాసనము మరియొక వింత. గుడికిచ్చిన గ్రామములలో భాగము పొందిన బ్రాహ్మణుల సంతతివారు షడంగములు నేర్చినవారై యుండవలెను, జూదరులు కారాదు, ఒరుల కొలువు చేయరాదు. (ఈ నియమమున మనలో నొక్కరును నిలువజాలము!) అట్టి యోగ్యుడు లేనిచో వయోవృద్ధుడగు విద్వాంసుని వారి సమ్మతితోనే నియమింపవలెను గాని, రాజాజ్ఞచే గాదట. కుమారుడు సింహాసనమున నుండగా తల్లి చెక్కించిన ఈ మాట రిపబ్లిక్ దినమున తలపోయదగినది.

చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు 639 ప్రాంతమున కోసలమును దర్శించి, అచ్చట నూరు సంఘారామములు, పదివేలకు కొంచెము తక్కువగా భిక్షువులు కలరని వ్రాసెను. ఆయన చూచిన రాజధాని శ్రీపురమేయని పలువురు పండితుల మతము. 1953-56 నడుమ దీక్షిత్‌గారు జరిపిన త్రవ్వకములలో ఆనందప్రభుడను భిక్షువు కట్టించిన విహారము బయల్పడినది. శివభక్తుడగు రాజు, విష్ణుభక్తురాలగు తల్లి, చెంతనే బౌద్ధభిక్షువులు! ఆ యాత్రికుడు కోసలమునుండి దక్షిణముగా ఆంధ్రదేశమునకే నడచి వేంగిని చూచెను.

శ్రీపురమున దొరకిన కంచు విగ్రహములు కొన్ని రాయపూరులోనే మహంత ఘాసీదాసు మ్యూజియమున నున్నవి. వానిని ముందుగా మరియొకనాడు చూచి పోవుట మేలు.