గాలిని నమ్ముకున్న తీరం: విద్యుత్తుకు ముందు గల్ఫ్ వేసవి

పర్షియన్ సింధుశాఖ లోతు తక్కువ సముద్రం. దాని సగటు లోతు దాదాపు 35 మీటర్లే కావడం వల్ల వేసవి ఎండకు నీరు త్వరగా కాగుతుంది, ఆగస్టు నాటికి ఉపరితల ఉష్ణోగ్రత 32 నుంచి 35 డిగ్రీల దాకా చేరుతుంది. చుట్టూ ఉన్నది ఏడాదికి పది సెంటీమీటర్ల వాన పడడమే గగనమైన ఎడారి అయినా, కాగిన సముద్రం నుంచి లేచే ఆవిరి తీరాన్ని కమ్ముకుంటుంది. అందువల్ల దుబాయ్, బహ్రెయిన్, బందర్ లెంగే వంటి రేవు పట్టణాల్లో ఎడారి ఎండ, సముద్రపు ఉక్క ఒకేచోట కలుస్తాయి. పగలు 40 డిగ్రీలు దాటే వేడిమి రాత్రి 30కి అటూ ఇటూగా మాత్రమే దిగుతుంది. చీకటి పడితే చల్లబడే లోపలి ఎడారికున్న వెసులుబాటు తీరానికి లేదు. విద్యుత్తు రాకముందు ఈ తీరంలో జనం శతాబ్దాల పాటు ఎలా బతికారన్న ప్రశ్నకు సాధారణంగా గాలి గోపురాలను సమాధానంగా చూపుతారు. అయితే ఆ గోపురాలు ఒక విస్తృతమైన ఏర్పాటులో భాగం మాత్రమే. ఇంటి కట్టడం ఎంత ముఖ్యమో, ఏ నెలలో ఎవరు ఎక్కడ ఉండాలన్న నిర్ణయమూ అక్కడ అంతే ముఖ్యంగా ఉండేది.

ఈ ఏర్పాటు అర్థం కావాలంటే ఉక్క శరీరాన్ని ఏం చేస్తుందో ముందు గుర్తించాలి. చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది కాని, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం గాలిలో ఎంతవరకు చల్లబడుతుందో తెలిపే అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. అది మనిషి చర్మపు వేడికి సమానమైన 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా దేహం చల్లబడే మార్గం మూసుకుపోతుంది. ప్రపంచంలో ఆ హద్దుకు దగ్గరగా వెళ్లే కొద్ది ప్రాంతాల్లో గల్ఫ్ తీరం ఒకటి. పొడి ఎండలున్న తెలంగాణ ఊళ్లలో గదిని చల్లబరిచే వట్టివేళ్ల తడికలు కాకినాడ ఉక్కలో ఎందుకు పనిచేయవో, ఇరాన్ మధ్య ఎడారిలోని యజ్ద్ నగరంలో నీటి తొట్టి మీదుగా గాలిని పారించే పద్ధతి గల్ఫ్ రేవుల్లో ఎందుకు నిలవలేదో చెప్పే కారణం ఒక్కటే. తీరవాసులకు నీటితో గాలిని చల్లార్చే దారి లేదు కాబట్టి నీడ కల్పించడం, గాలిని ఒంటి మీదుగా కదిలించడం, రెండూ చాలనప్పుడు చోటు మారడం అనే మూడు ఉపాయాలే వారికి మిగిలాయి.

ఈ మూడింటికీ పాత సాక్ష్యాలున్నాయి. 13వ శతాబ్దపు హోర్ముజ్ రేవును వర్ణించిన మార్కో పోలో గ్రంథం, వేసవిలో అక్కడి జనం ఊరు విడిచి నీటి వసతి ఉన్న తోటలకు వెళతారనీ, ఎడారి వైపు నుంచి ప్రాణాంతకమైన వడగాలి వీచినప్పుడు మెడలోతు నీళ్లలో దిగి నిలబడతారనీ చెబుతుంది. ఆ గ్రంథపు కొన్ని పాఠాల్లో ఇళ్లకు గాలిని పట్టే అమరికలున్నట్టు కూడా ఉంది. విజయనగర చరిత్ర చదివిన తెలుగువారికి సుపరిచితుడైన అబ్దుల్ రజాక్ కూడా ఈ తీరపు వేసవిని చవిచూశాడు. హెరాత్ పాలకుడు షారూఖ్ రాయబారిగా 1442లో బయలుదేరి హోర్ముజ్ మీదుగా వచ్చిన ఆయన, ఒమన్ తీరంలో నెలల తరబడి చిక్కుకుపోయాడు. అక్కడి ఎండకు ఎముకల్లో మజ్జ మరిగిందనీ, ఒరలోని కత్తి మైనంలా కరిగిందనీ అతిశయోక్తులతో రాశాడు. అక్కడే జబ్బుపడి, తోడు వచ్చిన అన్నను పోగొట్టుకొని, ఆ తర్వాతే కాలికట్ చేరి 1443లో ప్రౌఢ దేవరాయల రాజధానిలో అడుగుపెట్టాడు. స్థానికులకు చేతనైన ఏర్పాటేదీ లేని పరదేశికి ఈ తీరం ఎలా ఉండేదో చెప్పడానికి ఆయన అనుభవం చాలు.

తీరంలో అత్యధికులు నివసించిన ఇల్లు అరీష్. ఖర్జూరపు మట్టల ఆకులు దూసి, మిగిలిన ఈనెలను ఆ చెట్టు నారతోనే పేనిన తాళ్లతో వరుసగా కట్టి తడికలు చేసేవారు. గుంజలు పాతి, ఆ తడికలను గోడలుగా నిలిపి, పైన ఆకుల చాపలు కప్పేవారు. చలికాలపు అరీష్‌ను దట్టంగా అల్లి గాలి చొరకుండా చేసేవారు. వేసవి అరీష్‌లో ఈనెల మధ్య సందులు వదిలేవారు కాబట్టి ఎండ ఆగిపోయి గాలి మాత్రం లోపలికి వచ్చేది. మందపాటి మట్టిగోడ పగటి వేడిని దాచుకొని రాత్రి లోపలికి వదులుతుంది. లోపలి ఎడారిలో చలి రాత్రులకు అది మేలు చేసినా, రాత్రి కూడా ఉక్కపోసే తీరంలో అదే శిక్ష అవుతుంది. ఈనెల తడికకు వేడిని దాచుకునే బరువే లేనందున పొద్దు కుంకగానే ఆ ఇల్లు బయటి గాలితో సమానంగా చల్లబడేది. పేదరికం వల్ల ఎంచుకున్నట్టు కనిపించే ఈ నిర్మాణం ఉక్క వాతావరణానికి రాతి ఇంటికన్నా బాగా సరిపోయేది. దాని లోపం నిప్పు: 1894లో దుబాయ్‌లోని డేరా అనే పేటలో చెలరేగిన మంటలకు అక్కడి ఇళ్లలో అధిక భాగం బూడిదయ్యాయి.

స్థోమత ఉన్నవారు రాతి ఇళ్లు కట్టుకున్నారు. లోతు తక్కువ జలాల నుంచి కోసి తెచ్చిన పగడపు రాయిని జిప్సం కాల్చి చేసిన గచ్చుతో పేర్చేవారు. ఆ రాతి నిండా సన్నని రంధ్రాలుండటం వల్ల అది తేలికగా ఉండి, వేడిని నెమ్మదిగా మాత్రమే లోనికి పంపేది. కప్పుకు వాడిన దూలాలు చందల్ అనే మడచెట్టు కొయ్యలు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో వచ్చే ఆ కొయ్యల పొడవు పరిమితం కాబట్టి గదుల వెడల్పు మూడు మీటర్లకు కాస్త అటూ ఇటూగానే ఉండేది. వీధి వైపు కింది అంతస్తులో కిటికీలు దాదాపు ఉండవు, గదులన్నీ లోపలి ముంగిలి వైపు తెరుచుకుంటాయి. సిక్కా అని పిలిచే ఇరుకు సందులు ఎత్తయిన గోడల మధ్య పగలంతా నీడలో ఉండి, సముద్రపు గాలికి దారి ఇచ్చేవి. డాబా పిట్టగోడల్లోనూ ఒక యుక్తి ఉంది: బహ్రెయిన్, కతార్ ఇళ్లలో రెండు పల్చని పలకలను కాస్త ఎడంగా, ఒకదాని అంచు మరొకదానిని కప్పేలా నిలపడం వల్ల పొరుగువారి చూపు ఆగిపోయేది, గాలి మాత్రం ఆ సందుగుండా దిగి డాబా మీద పడుకున్నవారిని తాకేది. స్త్రీల ఘోషాకు, గాలికి మధ్య తలెత్తే తగువును ఆ గోడే తీర్చింది.

గాలి గోపురం ఈ రాతి ఇళ్లకే చివరి హంగు. పర్షియన్‌లో బాద్గీర్ అనీ, ఎమిరేట్ల అరబ్బీలో బర్జీల్ అనీ పిలిచే ఈ గోపురం దుబాయ్‌లో విస్తరించడానికి కారణం వర్తకం. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇరాన్ ప్రభుత్వం తన రేవుల్లో సుంకాల వసూలును బెల్జియన్ అధికారుల చేతికిచ్చి బిగించగా, 1894 నుంచి 1906 వరకు దుబాయ్‌ని ఏలిన షేక్ మక్తూమ్ బిన్ హషర్ తన రేవులో సుంకాలు ఎత్తివేశాడు. లెంగే రేవులో వ్యాపారం చేస్తున్న వర్తకులు, వారితోపాటు దక్షిణ ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతీయులు దుబాయ్‌కి తరలివచ్చి, ఖోర్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు. ఆ పేట వారి ఊరి పేరుతో బస్తకియా అయింది, వారి వెంట గోపురమూ వచ్చింది.

దాని పనితీరు తేటగానే ఉంటుంది. చదరపు గోపురం నాలుగు వైపులా పైభాగాన తెరిచి ఉండగా, లోపల గుణకారపు గుర్తు ఆకారంలో అడ్డగోడలు దానిని నాలుగు గొట్టాలుగా విడదీస్తాయి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది, ఇసుక తగ్గుతుంది. ఆ గాలి ఎదురు గొట్టంలోకి దూరి కిందికి దిగి, గది నేలకు సుమారు మనిషెత్తున ఉన్న నోటి నుంచి కూర్చున్నవారి మీద వీస్తుంది, గదిలోని వేడిగాలి వెనక వైపు గొట్టాల ద్వారా పైకి లాగబడుతుంది. పగలు వాయవ్యం నుంచి వచ్చే షమాల్ గాలి, సముద్రపు గాలి, రాత్రి నేల వైపు నుంచి వచ్చే మందమైన గాలి వేర్వేరు దిక్కులవి కాబట్టి నాలుగు ముఖాలూ అక్కరకు వచ్చేవి. గాలి పూర్తిగా పడిపోయినప్పుడు వేడిగాలి గోపురం గుండా పైకి పోయి కొంత కదలిక మిగిలేది, చలికాలంలో కింది నోటిని పలకలతో మూసేవారు. అయితే గోపురం గాలి ఉష్ణోగ్రతను చెప్పుకోదగినంత తగ్గించదు. అది ఇచ్చేది కదలిక మాత్రమే, ఉక్కలో చెమట ఆరడానికి ఆ కదలికే ఆధారం. అరీష్ ఇళ్లవారు కూడా కర్రల చట్రానికి గోనెపట్టా చుట్టి ఇదే గోపురాన్ని చవకగా నిలుపుకొనేవారు.

రాత్రిళ్లు గదులను వదిలి జనం డాబాల మీదికి, లేదా మనామా అనే ఎత్తయిన మంచెల మీదికి చేరేవారు. నేల మట్టానికి కొంత ఎత్తున, కింద నుంచి కూడా గాలి ఆడేలా పడుకోవడమే ఆ మంచెల ఉద్దేశం. తాగునీటిని నీరు చెమర్చే మట్టి కూజాల్లో పోసి గాలి తగిలేచోట వేలాడదీసేవారు. తేమ తగ్గిన గంటల్లో ఆ కూజా నీటిని కాస్తయినా చల్లబరిచేది.

ఇన్ని ఏర్పాట్లున్నా జూన్ నుంచి సెప్టెంబరు వరకు తీరంలో ఉండటం కష్టమే గనుక, వెళ్లగలిగినవారు వెళ్లిపోయేవారు. వేసవి విడిదిని మఖీజ్ అనేవారు. అబూధాబీ కుటుంబాలు లివా ఒయాసిస్సుకో అల్ ఐన్‌కో, దుబాయ్, షార్జా కుటుంబాలు అల్ ఐన్‌కో ఉత్తరాన రస్ అల్ ఖైమా తోటలకో ప్రయాణమయ్యేవి. అద్దె ఒంటెల మీద, ఎండ తప్పించుకోవడానికి రాత్రివేళ సాగే ఆ నడక అబూధాబీ నుంచి అల్ ఐన్‌కు నాలుగైదు రోజులు పట్టేది. ఇందులో పైకి విచిత్రంగా తోచే విషయం ఒకటుంది: అల్ ఐన్ పగటి ఉష్ణోగ్రత తీరం కన్నా ఎక్కువే. అయినా అక్కడి గాలి పొడిది, అందులో చెమట ఆరుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఫలజ్ అనే భూగర్భ కాలువల్లో పారే నీరు, ఖర్జూరపు నీడ ఉన్నాయి. తీరవాసులు వేడిమిని కాక ఉక్కను తప్పించుకోవడానికి పోయేవారన్నమాట. పైగా వేసవి నడిమి నెలలే రుతబ్ అనే మాగిన ఖర్జూరం దొరికే కాలం కావడంతో, ఆ ప్రయాణం చల్లదనంతో పాటు ఏడాది తిండినీ సమకూర్చేది.

అదే నెలల్లో పట్టణంలోని మగవారిలో చాలామంది నడిసముద్రంలో ఉండేవారు. ముత్యాల వేట ప్రధాన రుతువు సుమారు జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగేది. గంటల తరబడి మునిగేవారికి నీరు గోరువెచ్చగా ఉండేది అప్పుడే. కిక్కిరిసిన పడవల్లో, కొద్దిపాటి ఖర్జూరాలు, అన్నం, కొలిచి పోసే మంచినీళ్లతో నెలలు గడిపిన ఆ మునకగాళ్లలో ఓడ యజమానికి తీరని అప్పు పడినవారు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఎందరో ఉన్నారు. తోటల నీడకు వెళ్లిన కుటుంబాల ఖర్చు ముత్యాల రాబడి మీదే నడిచేది. ఒకరి చల్లదనానికి మరొకరి ఎండే పెట్టుబడి. జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి 1930లలో ఈ వ్యాపారాన్ని కూల్చినప్పుడు, వేసవి ఏర్పాటుకున్న ఆర్థికపు పునాది కూడా కదిలిపోయింది.

చమురు ఆ ఏర్పాటును పూర్తిగా మార్చింది. బహ్రెయిన్‌లో 1932లో, దుబాయ్‌లో 1966లో చమురు బయటపడింది. దుబాయ్‌లో విద్యుత్ సంస్థ 1959లో ఏర్పడింది. ఏసీ యంత్రం గాలిలోని తేమనే పిండేస్తుంది కాబట్టి, పాత ఇళ్లు ఎన్నడూ చేయలేని పని అది చేసింది. అయితే అది పనిచేయాలంటే గాలి చొరబడకూడదు. గాలి ఆడటానికే కట్టిన అరీష్, గోపురం, ముంగిలి ఆ యంత్రానికి అడ్డంకులయ్యాయి. సిమెంటు ఇళ్లు లేచాయి, ఈనెల ఇళ్లు ఒకటి రెండు దశాబ్దాల్లోనే పట్టణాల నుంచి తొలగిపోయాయి. బస్తకియాలో సుమారు సగం 1980లలో నేలమట్టమైంది. మిగిలిన సగాన్నీ కూల్చాలన్న ప్రతిపాదన, రేనర్ ఆటర్ అనే బ్రిటిష్ వాస్తుశిల్పి చేసిన ప్రయత్నం వల్ల, 1989లో యువరాజు చార్లెస్ అక్కడికి వచ్చి చూడటం వల్ల ఆగిపోయింది. ఇప్పుడది అల్ ఫహీదీ చారిత్రక పేటగా సందర్శకులను ఆకర్షిస్తోంది. గోపురం ఆకారం మాత్రం హోటళ్ల, అంగళ్ల పైకప్పుల మీద అలంకారంగా తిరిగి వచ్చింది. చాలా చోట్ల దాని కింద తలుపులు బిగించిన ఏసీ గదులే ఉంటాయి.

పాత పద్ధతిలో కట్టడం కంటే ఎక్కువగా చెరిగిపోయింది కాలపట్టిక. యంత్రం వచ్చాక వేసవి కూడా పనిచేసే రుతువైంది. నిర్మాణపు పనులు ఏడాది పొడవునా సాగాయి, వాటిలో చేరడానికి కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి, కోనసీమ నుంచి వేలమంది తరలివెళ్లారు. ఒకప్పుడు ముత్యాల పడవలో మునకగాడు మోసిన ఎండను ఇప్పుడు ఆరుబయట పనిచేసే వలస కూలీ మోస్తున్నాడు. ఎమిరేట్లు 2005 నుంచి వేసవిలో మధ్యాహ్నపు ఆరుబయట పనిని నిషేధిస్తూ వస్తున్నాయి. నేటి నియమం ప్రకారం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12.30 నుంచి 3 గంటల దాకా పని ఆపాలి. ఆ మూడు నెలలు ఇంచుమించుగా పాత మఖీజ్ నెలలే. అంటే ఏ యంత్రమూ లేని రోజుల్లో ఆచారం గుర్తించిన హద్దును, ఎన్నో యంత్రాలున్న నేడు చట్టం మళ్లీ గీయవలసి వచ్చింది. ఈ తీరపు చరిత్రలో గోపురాల ఎత్తు కంటే ఎక్కువగా పట్టించుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఉక్క నెలల్లో నీడకు వెళ్లే హక్కు ఎవరిది, ఎండలో నిలబడే బాధ్యత ఎవరి మీద పడింది అన్నది. ఆ పంపకాన్ని పట్టించుకోకుండా గోపురాలనే మెచ్చుకుంటే, పాత గల్ఫ్ వేసవి చరిత్రలో సగమే తెలిసినట్టు.