రక్
రగ్బీ యూనియన్‌లో నేలమీది బంతి కోసం ఇరుజట్లు పెనుగులాడే ఘట్టం. బంతిపైన రెండు జట్ల నుంచీ కనీసం ఒక్కొక్కరు కాళ్లమీద నిలిచి ఒకరినొకరు తాకితే రక్ ఏర్పడినట్టే.

పాత్రలు: టాకిల్‌కు పడిపోయిన ఆటగాడు బంతిని తన జట్టువైపు ఉంచి వెంటనే వదిలేయాలి. పడగొట్టినవాడు పక్కకు దొర్లిపోవాలి. సహచరులు తమ వైపు నుంచే వచ్చి, భుజాలను తుంటికన్నా దించకుండా ప్రత్యర్థులను నెడతారు. సాధారణంగా 9వ నంబరు స్క్రమ్ హాఫ్ బంతిని బయటికి అందిస్తాడు.

జాకలింగ్: రక్ ఏర్పడేలోపే ప్రత్యర్థి ఆటగాడు కాళ్లు ఎడంగా నిలిపి, నడుము వంచి, మోకాళ్లు నేలకు ఆనించకుండా బంతిని ఒడిసిపట్టడం. కిందపడ్డ ఆటగాడు బంతిని వదలకపోతే పెనాల్టీ. ఇక్కడ కండబలంతోపాటు క్షణాన్ని పసిగట్టే నేర్పూ కావాలి. 2011, 2015 ప్రపంచ కప్పులు గెలిచిన న్యూజిలాండ్ మాజీ కెప్టెన్ రిచీ మెకా, ఆస్ట్రేలియా మాజీ ఫ్లాంకర్ డేవిడ్ పోకాక్ ఈ విద్యలో సిద్ధహస్తులు.