తాగునీటిలో క్లోరిన్ ఉపఉత్పన్నాల పరీక్ష

సూక్ష్మజీవులను చంపడానికి తాగునీటిలో కలిపే క్లోరిన్, ఆ నీటిలో కరిగి ఉన్న కుళ్లిన ఆకు అలముల సారంతో కలిసి కొత్త రసాయనాలను పుట్టిస్తుంది. ఇవే ఉపఉత్పన్నాలు. కంటికి కనిపించవు, మామూలు మోతాదులో నాలుకకూ తెలియవు. అమెరికాలోని జెర్సీ సిటీ 1908లో నీటికి నిత్యం క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. ఆ తరువాత ఆరు దశాబ్దాలకు పైగా ఈ ఉపఉత్పన్నాల జాడ ఎవరూ పట్టలేదు. క్లోరిన్ వల్ల టైఫాయిడ్ మాత్రం తగ్గుముఖం పట్టింది, అది చిన్న మేలు కాదు.

1974లో నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థ రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ ఈ గుట్టు విప్పాడు. ఆయన అంతకు ముందు బీరు కర్మాగారంలో పనిచేసినవాడు. మూసిన సీసాలో ద్రవం పైన నిలిచే ఆవిరిని గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే పరికరంతో పరీక్షించే పద్ధతిని నీటికి వాడి చూశాడు. నది నీటిలో లేని క్లోరోఫాం, క్లోరిన్ కలిపాక కనిపించింది. అదే ఏడాది అమెరికాలో బెల్లార్, లిక్టెన్‌బర్గ్, క్రోనర్ కూడా ఇదే తేల్చారు. నీటిలోకి వాయువును బుడగలుగా పంపి, దానితో పాటు పైకి వచ్చే రసాయనాలను ఒడిసిపట్టి కొలిచే పద్ధతి అప్పుడే రూపుదిద్దుకుంది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. కొలత లేనిదే హద్దు పెట్టలేరు.

క్లోరోఫాం ఎలుకల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 1976లో తేలింది. 1979లో అమెరికా క్లోరోఫాంతో సహా ట్రైహాలోమీథేన్లు అనే నాలుగు ఉపఉత్పన్నాల మొత్తానికి లీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. 1998లో దాన్ని 80కి తగ్గించి, మరో రకం ఉపఉత్పన్నాలైన హాలోఎసిటిక్ ఆమ్లాలకు 60 నిర్ణయించింది.

పరీక్ష ఫలితం నమూనా తీసే చేతిలోనే ఉంది. గాజు సీసాలో గాలి బుడగ మిగలకూడదు, మిగిలితే క్లోరోఫాం అందులోకి చేరుతుంది. సీసాలో ముందే మిగులు క్లోరిన్‌ను విరిచే మందు వేయాలి. లేదంటే ప్రయోగశాలకు చేరేలోగా చర్య సాగి, అంకె పెరుగుతుంది. గొట్టాల్లో నీరు నిలిచే కొద్దీ ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి కనుక చివరి వీధి కొళాయి నీటినీ పరీక్షించాలి. ఊరంతటి సగటు ఆ వీధివారి ముప్పును దాచేసేది. 2006 నాటి అమెరికా నియమం ఒక్కో చోటి సగటును విడిగా చూడమని ఆ లోపాన్ని సరిదిద్దింది.

ఉపఉత్పన్నాలకు భయపడి క్రిమిసంహారం మానడం తప్పు. క్లోరిన్ కలిపే ముందే కుళ్లిన ఆకుల సారం వంటి సేంద్రియ పదార్థాన్ని తొలగించడం సరైన దారి. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. క్లోరిన్ కలిపిన నీటిలో, వాడకందారు కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని కూడా అదే ప్రమాణం చెబుతుంది.