గుండ్లకమ్మలో మునిగినవాళ్లు

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. బాప్టిస్టులు చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసిన మనిషి తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకుని, నలుగురి ఎదుట నీట మునగాలంటారు. కానీ ఆ రోజు ఒడ్డున ఉన్న నలుగురిలో ఎక్కువమంది వాళ్లవాళ్లే, తమ వంతు కోసం చూస్తున్నవాళ్లే. ఆ ఒప్పుకోలు నిజంగా చెవిన పడవలసినవాళ్లు ఊళ్లలో ఉన్నారు. అందుకే నా లెక్కలో ఆ ప్రకటన ఏటిలో మొదలై, పల్లెకు తిరిగి వెళ్లాకే పూర్తయింది.

1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దగ్గర తొలినాళ్లలోనే బాప్తిస్మం పొందినవాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య ఒకరు. తోళ్ల వ్యాపారి, మాదిగ. ఆ దారిలో వచ్చినవాళ్లకు పెట్టిన నియమాలు వేదాంతం కంటే రోజువారీ బతుకుకే దగ్గర: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. వినడానికి చిన్నవే. కానీ పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టవలసినవాడు రానంటే, చచ్చిన గొడ్డును ఎత్తుకుపోయి తినే పాత పద్ధతిని కాదంటే, కోతల రోజుల్లో ఆదివారం పొలానికి రాకపోతే, రెడ్డికీ కరణానికీ ఆ ఇల్లు ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు. ఏ క్రైస్తవ బోధా వినని మనిషికి కూడా ఆ ప్రకటన అర్థమైంది. దానికి తగిన జవాబూ వచ్చింది: పని ఇవ్వకపోవడం, దారులు మూసేయడం, కొట్టడం.

కరువులో గంజి కోసం మునిగారన్నది పాత ఆక్షేపణ. 1876–78 కరువు మామూలుది కాదు. బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించిన మాటా నిజమే. అయితే ఆ సహాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి డబ్బులు ఆగాకే జనం ఏటికి వచ్చారు. దీనితో ఆక్షేపణ పూర్తిగా తీరిపోదు, అన్నం పెట్టిన చేతి మీద నమ్మకం మిగిలే ఉంటుంది. కానీ ఊరితో వైరం తెచ్చుకున్నవాళ్లు చవగ్గా మునిగారనడం మాత్రం కుదరదు.

కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి కదా, అది వ్యక్తి నిర్ణయం ఎలా అవుతుందన్నది మరో ప్రశ్న, నాకు ఇదే గట్టిగా కనిపిస్తుంది. క్లౌ కూడా పల్లె పెద్దలనూ బోధకులనూ అడిగే ఒక్కొక్కరి సంగతీ తేల్చుకున్నాడు. కానీ మాదిగపల్లెలో డప్పు మానాలన్నా, వెట్టి ఎదిరించాలన్నా ఒంటరి మనిషికి సాధ్యమయ్యే పని కాదు. పెళ్లి సంబంధాలు, నీళ్లు, కూలి అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. గుంపుగా రావడం విశ్వాసం లేకపోవడానికి గుర్తు అనలేం. ఆ ప్రకటన నిలబడాలంటే వేరే మార్గం లేదు.

1950 నాటికి వినేవాళ్లలో ప్రభుత్వం కూడా చేరింది. ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను కాదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ–సి కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తారు. కాబట్టి ఆదివారం చర్చికి వెళ్తూ, కాగితం మీద హిందువుగా ఉండేవాళ్లున్నారు. వాళ్లది దొంగతనమని సంఘం లోపలా బయటా తిట్టేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ దాపరికంలో అబద్ధం కంటే ధర ఎక్కువ కనిపిస్తుంది: ఊరి భయం తగ్గినచోట సర్టిఫికెట్ భయం వచ్చి కూర్చుంది. దళిత క్రైస్తవులనూ ఎస్సీలలో చేర్చమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది.