బాణం

బాణం వింటితో ప్రయోగించే ఆయుధము. దీనికి శరము, అమ్ము అనే పేర్లు కూడా కలవు. నల్లమల అడవులలోని చెంచులు తరతరాలుగా విల్లంబులతో వేటాడేవారు. వీరి జీవన విధానంపై క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ రచించిన గ్రంథం 1943లో వెలువడినది.

భాగాలు

బాణానికి ముందు ములికి, మధ్య కాండము, వెనుక ఈకలు, చివర నారికి తగిలించే గాడి ఉంటాయి.

ఎంపిక

నారిని వదలగానే కాండము కొద్దిగా వంగి, వింటి పక్కగా సాగి, తిరిగి నిటారుగా అవుతుంది. కావున కాండపు గట్టిదనం వింటి బలానికి తగినట్లుండాలి. కాండం పొడవు గాని, ములికి బరువు గాని పెరిగితే వంపు ఎక్కువవుతుంది. పొట్టి బాణం పూర్తిగా లాగినపుడు విల్లు పట్టిన చేతిపైకి జారవచ్చు. పగుళ్ళున్న కాండము విరిగి చేతిలో గుచ్చుకొనే ప్రమాదమున్నది. మరీ తేలికైన బాణం వలన విల్లే దెబ్బతినవచ్చు.

సరిచూచుట

ఈకలున్న బాణాలతోపాటు ఈకలు లేని బాణమొకటి దగ్గరి నుండి వేసి చూస్తారు. కుడిచేత నారి లాగేవారికి ఈకలు లేనిది ఎడమకు పడితే కాండం మరీ గట్టిదని, కుడికి పడితే మెత్తనిదని గుర్తు. గట్టిదైతే బరువైన ములికి అమర్చాలి. మెత్తనిదైతే తేలికైన ములికి అమర్చాలి, లేదా కాండాన్ని కొద్దికొద్దిగా కురచ చేయాలి. అయితే లాగుడుకు సరిపడే పొడవు తప్పక మిగలాలి.

చట్టం

భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత జంతువులను బాణాలతో వేటాడినా నేరమే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు అనేక హక్కులు కల్పించినను, సంప్రదాయ వేటను వాటిలో చేర్చలేదు. అందువలన ఈ విద్యను నేర్చువారు గడ్డితో చేసిన లక్ష్యంపైననే సాధన చేయాలి.