తీగ మారినచో పరీక్షయు మారును



మా వాడరేవు ప్రాంతమున నాయొద్ద చదువుకొన్న పిల్లవాడొకడు వెల్డింగు నేర్చి, పరీక్షాపత్రము చేతబట్టుకొని దూరదేశమునకు పోయెను. “ఇది వేఱొక తీగపని పత్రము, ఇచ్చట చెల్లదు” అని కార్ఖానావారు త్రిప్పి పంపిరి. “పంతులుగారూ, అతుకు అతుకే గదా, ఇదేమి అన్యాయము?” అని తండ్రి నన్నడిగెను. ఆయనకు చెప్పిన సమాధానమే నేటి నా ప్రసంగము.

1941 జూన్ 21వ తేదీన విశాఖపట్టణమున సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న నెహ్రూగారు అచ్చట ‘జలఉష’ను నీట విడిచిరి. ఆ యేండ్లలోనే లోకమందలి ఓడలపనిలో రివెట్ల చోటును వెల్డింగు ఆక్రమించుచుండెను. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్టులాండులో, నిశ్చలమైన నీటిలో కట్టియున్న ‘షెనెక్టడీ’ యను కొత్త నూనె ఓడ ఫెళ్లున దాదాపు రెండుగా విఱిగెను. ఉక్కు పెళుసుదనమును, అతుకులోని లోపమును కారణములని తేలెను. అతుకు పైనునుపు చూచి నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

నాడు వెల్డరు పుల్లను చేతబట్టి కాల్చెడివాడు. 1948లో, చుట్టనుండి తీగ తనంత వచ్చుచుండగా ఆర్గాను వాయువు నడుమ అతుకు విధానము వెలసెను. 1953లో రష్యనులు ఉక్కుపనికి బొగ్గుపులుసు వాయువును వాడిరి. పిమ్మట లోపల పొడి నింపిన బోలుతీగ వచ్చెను. చూపునకు అన్నియు నొకటే. నిప్పు తీరు మాత్రము వేఱు. ఒక పద్ధతిలో తీగకొన కరగిన లోహమును క్షణమునకు పదులసార్లు తాకి ఆరి వెలుగును. వేడి తక్కువగుటచే పలుచని రేకుకు మేలు. మందపు పలకపై పైన నిండుగా కనబడినను అడుగున కలియకపోవచ్చును. ఎక్స్‌రే కిరణములకును ఈ లోపము చిక్కకపోవచ్చును. కావుననే అమెరికా యంత్రశిల్పుల నిబంధనగ్రంథము ఈ పద్ధతివానిని ఎక్స్‌రేతో పరీక్షింపనీయక, అతుకుముక్కను వంచి చూడుమనును. తక్కిన పద్ధతులలో నెగ్గినవాడు దీనికి మరల పరీక్షకు నిలువవలెననును. అంతర్జాతీయ నియమము ప్రకారము దీనిలో నెగ్గినవానికి తక్కిన నిప్పుతీరులును చెల్లును, తలక్రిందుగా చెల్లదు. గట్టితీగ పత్రము పొడితీగకు చాలదు.

చీరాల గుంటమగ్గముపై ఆరితేరినవాడైనను మరమగ్గము ముందు మరల శిష్యుడే గదా!

కావున అన్యాయము పరీక్షలో లేదు. రుసుము పుచ్చుకొని పత్రమిచ్చినవారు ఈ భేదము చెప్పకపోవుటలో కలదు. పెద్దలారా! పిల్లవాని ప్రయాణమునకు అప్పు చేయకమునుపే ఆ పత్రము చదివించుడు. ఏ గ్రంథము, ఏ పద్ధతి, ఏ తీగ, ఎంత మందము, ఏ భంగిమ అని చూడుడు. ఆఱునెలలు ఆ పని చేయనిచో పత్రము చెల్లకుండ పోవునని మఱువకుడు. సెలవు.